కూంబింగ్, ఎన్‌కౌంటర్, లీవు: లోపలి యుద్ధం మీద నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై నాలుగేళ్లు కేంద్ర సాయుధ బలగాల్లో ఒకదాంట్లో చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఉగ్రవాదులున్న కశ్మీర్‌లో, మావోయిస్టులున్న ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో గడిచింది. బలగం పేరు, బెటాలియన్ నంబరు రాయడం లేదు. నాతో చేసినవాళ్లు ఇంకా డ్యూటీలో ఉన్నారు. పుట్టింది దేవరకొండ వైపు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లో, బాలాపూర్ దగ్గర. పొద్దున వాకింగ్‌లో, పెళ్లిళ్లలో, కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లల దగ్గర అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను. వరుస అంటూ పెద్దగా ఏమీ లేదు.

ఇది యుద్ధమేనా? యుద్ధమైతే పోలీసులను ఎందుకు పంపుతారు?

సరిహద్దులో గీత ఉంటుంది. గీతకు అవతలివాడు శత్రువు. ఇక్కడ ఆ గీత లేదు. పొద్దున మీకు చెలిమ చూపించి నీళ్లు తాగించిన మనిషే, సాయంత్రానికి మీరు ఎంతమంది, ఎటు పోయారు అన్నది ఇంకొకరికి చెప్పి ఉండొచ్చు. ఇష్టపడి చెప్పాడా, చెప్పకపోతే చంపుతారని చెప్పాడా, మీకు తెలియదు. అతను ఈ దేశం మనిషే. రేషన్ కార్డు ఉండాల్సినవాడు, చాలాసార్లు లేనివాడు.

అందుకే ఫిరంగులు, విమానాలు ఇక్కడ పనికిరావు. ఒకసారి ఆ పని చేసి చూశారు. 1966 మార్చిలో మిజో తిరుగుబాటు మొదలైనప్పుడు ఐజ్వాల్ మీద మన వైమానిక దళమే దాడి చేసింది. ఆ తర్వాత ఒప్పందం కుదరడానికి 20 ఏళ్లు పట్టింది. మిజోరంలో పనిచేసిన మా సీనియర్లు చెప్పేవారు, అక్కడి ముసలివాళ్లు ఆ రోజు గురించి నిన్న జరిగినట్టు మాట్లాడతారని.

పోలీసులు ఎందుకంటే, రాజ్యాంగం ప్రకారం శాంతిభద్రతలు రాష్ట్రాల పని. మావోయిస్టుల ప్రాంతాల్లో సైన్యాన్ని దింపలేదు. రాష్ట్ర పోలీసులు, వాళ్లకు తోడుగా కేంద్ర బలగాలు. కశ్మీర్, ఈశాన్యం సంగతి వేరు, అక్కడ సైన్యం నేరుగా ఉంది.

సైన్యం, సీఆర్‌పీఎఫ్, కోబ్రా, గ్రేహౌండ్స్, డీఆర్‌జీ... అన్నీ ఒకటేనా?

కాదు. టీవీవాళ్లు అందరినీ "జవాన్లు" అనేస్తారు కాబట్టి జనానికి తేడా తెలియదు. సైన్యం రక్షణ శాఖ కింద, కేంద్ర పోలీసు బలగమైన సీఆర్‌పీఎఫ్ హోం శాఖ కింద ఉంటాయి. కశ్మీర్‌లో ఉగ్రవాదుల వేట కోసమే 1990లో సైన్యం రాష్ట్రీయ రైఫిల్స్‌ను పెట్టింది. అందులోకి వేర్వేరు రెజిమెంట్ల నుంచి కొన్నేళ్ల కోసం వస్తారు, మళ్లీ తమ పల్టన్‌కు పోతారు. సీఆర్‌పీఎఫ్‌లోనే అడవి పోరుకు ప్రత్యేకంగా తయారు చేసింది కోబ్రా. గ్రేహౌండ్స్ మన పోలీసులే, 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెట్టుకున్న దళం, గండిపేట వైపు వెళ్తే వాళ్ల క్యాంపు. డీఆర్‌జీ ఛత్తీస్‌గఢ్ పోలీసుల కింద పనిచేసే స్థానిక యువకులు, వాళ్లలో లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్నారు.

జీతం, పెన్షన్, క్యాంటీన్, చనిపోతే కుటుంబానికి వచ్చేవి, అన్నిటిలో తేడాలున్నాయి. 2004 తర్వాత చేరిన సీఆర్‌పీఎఫ్ వాళ్లకు పాత పెన్షన్ లేదు. సైనికుడికి ఉంది. ఒకే బుల్లెట్ ఇద్దరికీ తగిలితే కాగితాలు మాత్రం వేర్వేరుగా కదులుతాయి. దీని మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

కూంబింగ్ అంటే అసలు ఏం చేస్తారు?

దళాల కోసం అడవిని జల్లెడ పడుతూ నడుస్తారు. నిజంగా అంతే. పేపర్లో "ముమ్మర కూంబింగ్" అని పడితే తుపాకులు పేలుతూ ఉంటాయని అనుకుంటారు. నేను బస్తర్‌లో ఉన్న ఐదేళ్లలో కాల్పులు జరిగిన గంటలన్నీ కలిపితే ఒక రోజు కూడా నిండదు. మిగతాదంతా నడక, కూర్చోవడం, దోమలు.

చీకటి పడ్డాక బయల్దేరతాం. వీపున ఇరవై కిలోలకు పైనే: తూటాలు, నీళ్లు, అటుకులు, బెల్లం, బిస్కెట్లు, ప్లాస్టిక్ షీటు, మందుల సంచి. గాలి అటు వీస్తే వాసన చాలా దూరం పోతుందని బయల్దేరే రెండు రోజుల ముందు నుంచి సబ్బు వాడం. బీడీ లేదు. దగ్గొస్తే మోచేతి మడతలో నోరు పెట్టి దగ్గాలి. ఒకరి వెనక ఒకరం, పది అడుగుల ఎడంగా. ముందువాడి పాదం పడ్డచోటే నీ పాదం పడాలి. బాట మీద నడవకూడదు, బాట పక్కన నడవాలి. ఊరి దగ్గరికి వస్తే అసలు భయం మనుషులది కాదు, కుక్కలది. ఒక్క కుక్క మొరిగితే ఊరంతా మొరుగుతాయి. ఆ ఊరి మొరుగుడు పక్క ఊరికి వినపడుతుంది. మేం వచ్చామన్న కబురు మాకంటే ముందు వెళ్లిపోయినట్టే.

తెల్లవారాక దట్టమైన చోట చూసుకుని కూర్చుంటాం. దాన్ని ఎల్‌యూపీ అంటాం. కదలకూడదు. జూన్ మొదటి వానల్లో అలా కూర్చుని మలేరియా తెచ్చుకున్నవాళ్లు, తూటా తగిలినవాళ్లకంటే ఎక్కువమంది నాకు తెలుసు. వెళ్లిన దారిన తిరిగి రాకూడదు అన్నది మొదటి పాఠం. అలసిపోయి, ఇల్లు చేరినట్టే కదా అనుకుని ఆ పాఠం మరిచిన రోజే దెబ్బ తగులుతుంది.

మందుపాతరలను తట్టుకునే బండ్లు ఉన్నాయి కదా, నడవడమెందుకు?

బండి ఎంత మందును తట్టుకుంటుందో మావోయిస్టులకూ తెలుసు. దానికి మూడింతలు పెడతారు. రోడ్డు పక్క నుంచి సొరంగంలా తవ్వి తారు కింద మందు పెడితే పైన గీత కూడా కనపడదు. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర కూంబింగ్ ముగించుకుని వ్యానులో తిరిగొస్తున్న పదిమంది డీఆర్‌జీ జవాన్లు, డ్రైవరు అలాగే పోయారు. నడిచినంతసేపు ఏమీ కాలేదు. ఎక్కాకే అయింది.

గ్రేహౌండ్స్‌కు ఇది బాగా తెలుసు, వాళ్ల చదువే నడక. అయినా 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల రిజర్వాయరులో లాంచీ ఎక్కారు. రెండు పక్కలా కొండలు, మధ్యలో నీళ్లు, దాక్కునే చోటు లేదు. కొండ మీద నుంచి కాల్పులు జరిపి లాంచీని ముంచేశారు. 38 మంది చనిపోయారు. మన తెలుగు పోలీసులు ఒక్కరోజున అంతమంది పోవడం అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ వారం గండిపేట నుంచి ఎన్ని జిల్లాలకు శవపేటికలు వెళ్లాయో అప్పుడు హైదరాబాద్‌లో రిపోర్టర్లుగా ఉన్నవాళ్లను అడగండి.

పెద్ద దాడులన్నీ ఎండాకాలంలోనే ఎందుకు?

ఆకు రాలుతుంది కాబట్టి. దూరం నుంచి కనపడుతుంది, వాగులు ఎండిపోయి ఉంటాయి, ఎక్కడినుంచైనా వచ్చి ఎటైనా పోవచ్చు. మార్చి నుంచి జూన్ దాకా మావోయిస్టులు ప్రత్యేకంగా దాడుల కార్యక్రమం పెట్టుకునేవారు. బస్తర్ తేదీలు చూడండి: తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయింది 2010 ఏప్రిల్ 6, బుర్కాపాల్‌లో 25 మంది 2017 ఏప్రిల్ 24, టేకులగూడ దగ్గర 22 మంది 2021 ఏప్రిల్ 3. మా ఇంట్లో ఉగాది నుంచి మృగశిర దాకా మా అమ్మ ఫోన్ పక్కన పెట్టుకునే పడుకునేది.

ఆంధ్ర, తెలంగాణల్లో నక్సలైట్లు తగ్గిపోయింది గ్రేహౌండ్స్ వల్లేనా?

నన్ను ఎక్కువగా అడిగేది, అడిగేవాళ్లు జవాబు ముందే అనుకుని వచ్చేది ఈ ప్రశ్నే. గ్రేహౌండ్స్ లేకపోతే తగ్గేది కాదు. గ్రేహౌండ్స్ ఒక్కటే ఉంటే కూడా తగ్గేది కాదు.

ఆ దళాన్ని పెట్టింది కె.ఎస్.వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి. చిన్న జట్లు, అడవిలోనే రోజుల తరబడి ఉండటం, గెరిల్లా ఎలా బతుకుతాడో అలాగే బతకడం. 1993 జనవరి 27న ఎల్బీ స్టేడియంలో ఆయన వాకింగ్‌లో ఉండగా నక్సలైట్లు కాల్చి చంపారు. అడవి అంటే ఎక్కడో దూరంగా ఉందనుకునే హైదరాబాద్ వాళ్లకు అది మొదటి షాక్. 1999 సెప్టెంబరు 4న ఎస్.ఆర్.నగర్ చౌరస్తాలో ఇంకో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను చంపారు. ఆయన విగ్రహం ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ సిగ్నల్ దగ్గర ఆగిన పిల్లల్లో అది ఎవరిదో తెలిసినవాళ్లు తక్కువ. మా మేనల్లుడు ఆ పక్క సందులోనే కోచింగ్ తీసుకున్నాడు, ఎవరో స్వాతంత్ర్య సమరయోధుడు అనుకున్నాడట.

ఇక్కడ నిజంగా పనిచేసింది తుపాకీ కంటే ముందు సమాచారం. ఎస్ఐబీ అనే ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగం ఏళ్ల తరబడి కూర్చుని దళాల్లో ఎవరు, వాళ్ల అక్క ఏ ఊరికి కోడలు, ఎవరికి ఎవరి మీద అలక, అన్నీ రాసి పెట్టుకుంది. దాన్ని చేయగలిగింది ఎందుకంటే రాసుకున్నవాడూ తెలుగువాడే, దళంలో ఉన్నవాడూ తెలుగువాడే. ఇద్దరూ ఒకే హైస్కూల్లో చదివిన సందర్భాలూ ఉన్నాయి. బిహార్ నుంచి, హర్యానా నుంచి వచ్చి బస్తర్ అడవిలో దిగిన జవానుకు ఈ సౌకర్యం ఎక్కడిది? గోండిలో "నీళ్లు" ఎలా అడగాలో కూడా తెలియకుండా రెండేళ్లు చేసి వెళ్లిపోయినవాళ్లను చూశాను.

దీనికి ఇంకో వైపు ఉంది. పోలీసులు కోవర్టులను వాడారు. లొంగిపోయినవాళ్ల చేత పాత స్నేహితులను పట్టించారు. "నల్లమల కోబ్రాలు", "గ్రీన్ టైగర్స్" లాంటి పేర్లతో బెదిరింపులు వచ్చాయి. పౌరహక్కుల సంఘంలో పనిచేసిన పురుషోత్తంను 2000లో హైదరాబాద్‌లో, ఆజం అలీని 2001లో నల్గొండలో నరికి చంపారు. వాళ్లు తుపాకీ పట్టినవాళ్లు కాదు. గ్రేహౌండ్స్ విజయం గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ పేజీ తిప్పేస్తారు. నేను పోలీసు వైపు మనిషినే అయినా తిప్పలేను.

మాట్లాడుకోవడం కూడా జరిగింది. 2004 అక్టోబరులో దళాల నాయకులు నల్లమల నుంచి హైదరాబాద్ వచ్చి మంజీరా గెస్ట్‌హౌస్‌లో దిగారు. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ లాంటి పెద్దమనిషి ఏళ్ల తరబడి తిరిగితే ఆ రోజు వచ్చింది. 1987లో తనను కిడ్నాప్ చేసినవాళ్లతోనే ఆయన మాట్లాడారు. మరుసటి ఏడాది జనవరికల్లా చర్చలు చెడిపోయాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపాక ప్రభుత్వం మావోయిస్టుల మీద మళ్లీ నిషేధం పెట్టింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో నల్లమల ఖాళీ అయింది. ఈలోగా ఊళ్లలో రోడ్లు పడ్డాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, దళంలోకి పోవాల్సిన వయసు పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు వచ్చారు. ఇందులో దేని వాటా ఎంత అని తూకం వేసి చెప్పమంటే నేను చెప్పను. చెప్పేవాళ్లను కాస్త అనుమానంగా చూస్తాను.

భాష రాకపోతే నిజంగా అంత నష్టమా?

2009 వేసవి. సుక్మా వైపు, కొంటాకు అవతల ఒక ఊరు. కొంటా చుట్టుపక్కల దోర్ల ఆదివాసీలు ఉంటారు, వాళ్లలో చాలామందికి తెలుగు వస్తుంది, సంతలో బేరాలు తెలుగులోనే. మా బెటాలియన్‌లో తెలుగువాళ్లం నలుగురం. మా పార్టీ కమాండర్ హర్యానా మనిషి, ధైర్యవంతుడు, మంచివాడు కూడా. "అన్న" అంటే నక్సలైటు అని ఎవరో చెప్పగా అది మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాడు.

ఒక ఇంటి ముందు రెండు కంచాలు ఎక్కువగా కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరొచ్చారు అని హిందీలో అడిగితే ఆ ఇంటావిడ చేతులు తిప్పుతూ చెప్పింది, "మా అన్న అచ్చిండు, పొద్దుగాల పోయిండు." కమాండర్‌కు వినపడింది ఒకే మాట. ఆమె మొగుణ్ని కాలర్ పట్టుకుని గోడకు ఆనించాడు. నేను వెనక లైన్లో ఉన్నాను, వచ్చేసరికి ఇంకో ఇద్దరు తుపాకులు ఎత్తి ఉన్నారు.

"అన్ననా, అన్నలా?" అని అడిగాను.

"తోడబుట్టినోడు సారూ. చింతూరు కాడ ఉంటడు. గా కోడిని ఇచ్చి పోయిండు" అని గంప చూపించింది. గంప ఎత్తితే కింద నిజంగానే కాలికి కొత్త నారతాడు కట్టిన పుంజు ఉంది.

వదిలేశాం. ఆమె చెప్పింది నిజమేనా? నాకు ఇవాళ్టికీ తెలియదు. కంచాలు రెండు, అన్న ఒకడు. కానీ ఆ రోజు ఆ మనిషిని పట్టుకుపోయి ఉంటే, రేపు ఆ ఊళ్లో మాకు ఎదురు తిరిగేవాళ్లు ఇంకో పదిమంది తయారయ్యేవారు, అది మాత్రం తెలుసు. మా క్యాంపులో అప్పటి నుంచి ప్రతి పార్టీలో ఒక తెలుగువాణ్ని పెట్టమని అడిగాను. కాగితం పైకి పోయింది. కింద ఏమీ మారలేదు.

ఇది బస్తర్‌తో మొదలైంది కాదు. 1987లో శ్రీలంక వెళ్లిన శాంతి సేనలో ముందు దిగింది మన సికింద్రాబాద్ నుంచి వెళ్లిన 54వ డివిజనే. తమిళ టైగర్లు తుపాకులు దించుతారని కాపలాకు వెళ్లినవాళ్లు రెండున్నర నెలలు తిరక్కుండా జాఫ్నా వీధుల్లో యుద్ధంలో పడ్డారు. మొత్తం మీద సుమారు 1200 మంది మన సైనికులు అక్కడ చనిపోయారు. తిరుమలగిరి, బొల్లారం వైపు పాత సైనికులను కదిపితే జాఫ్నా మాట వస్తుంది. తమిళం తెలిసినవాణ్ని పక్కన పెట్టుకుని పడుకునేవాళ్లమని ఒకాయన నాతో అన్నాడు.

"జనం మనసు గెలవాలి" అంటారు కదా, ఎలా గెలుస్తారు?

వైద్య శిబిరాలు పెట్టి, చీరలు, రేడియోలు, వాలీబాల్ కిట్లు పంచి. నేనూ పంచాను. తప్పేం లేదు, జ్వరానికి మాత్ర ఇస్తే జ్వరం తగ్గుతుంది. అంతవరకే. రాత్రి మేం క్యాంపుకు పోయాక ఆ ఊరి మనిషిని ఎవరు కాపాడతారు అన్నదానికి వాలీబాల్ జవాబు కాదు.

ఈ మాట మలయా (ఇప్పటి మలేసియా) నుంచి వచ్చింది. 1950ల్లో బ్రిటిష్ వాళ్లు అక్కడ కమ్యూనిస్టు గెరిల్లాలను అణచినప్పుడు టెంప్లర్ అనే జనరల్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అదే మలయాలో సుమారు ఐదు లక్షల మందిని ఊళ్లు ఖాళీ చేయించి ముళ్లకంచెల మధ్య కొత్త ఊళ్లలోకి తోలారు. మనసు సంగతి చెప్పేవాళ్లు కంచె సంగతి చెప్పరు. 1967 నుంచి మిజోరంలో మనమూ అదే చేశాం: కొండల మీది ఊళ్లు తగలబెట్టి జనాన్ని రోడ్డు పక్కకు చేర్చడం. చివరికి అక్కడ శాంతి తెచ్చింది కంచె కాదు, 1986 జూన్ 30 ఒప్పందం. తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగాయే ముఖ్యమంత్రి అయ్యాడు. అంటే ఇరవై ఏళ్లు జవాన్లు కొట్లాడింది ఆ బల్ల దగ్గర కూర్చునే రోజు కోసం. అదే మిజోరంలో వైరెంగ్తేలో సైన్యం అడవి పోరు స్కూలు నడుపుతోంది. గెరిల్లాతో గెరిల్లాలా పోరాడు అని అక్కడ నేర్పిస్తారు. దేశదేశాల సైనికులు వచ్చి నేర్చుకుని పోతారు.

స్థానికులకే తుపాకులిస్తే సరిపోతుంది కదా?

భాష సమస్య తీరుతుంది. ఇంకో సమస్య మొదలవుతుంది. 2005లో సల్వాజుడుం పేరుతో ఊరివాళ్లనే ఊరివాళ్ల మీదికి దింపారు. వేలమంది ఇళ్లు వదిలి కొందరు క్యాంపుల్లోకి, కొందరు గోదావరి దాటి మన ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. భద్రాచలం వైపు వెళ్తే వాళ్ల గుడిసెలు ఇప్పటికీ కనిపిస్తాయి, మనవాళ్లు "గుత్తికోయలు" అంటారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అరకొర చదువున్న ఆదివాసీ పిల్లలను ఎస్పీఓలుగా (ప్రత్యేక పోలీసు అధికారులుగా) తీసుకుని నక్సలైట్ల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని ఆపేసింది. తర్వాత అదే పనిని పక్కా ఉద్యోగం, యూనిఫాంతో డీఆర్‌జీగా మార్చారు. పోరాటంగా చూస్తే వాళ్లంత పనిచేసేవాళ్లు లేరు, చెట్టును చూసి ఊరు చెప్పగలరు. కానీ డ్యూటీ అయ్యాక నేను దేవరకొండకు పోతాను. డీఆర్‌జీ కుర్రాడు ఏ ఊరికి పోతాడు? అతని ఊరే అది. అతను కాల్చిన మనిషి తమ్ముడు పక్కింట్లో ఉంటాడు.

ఎన్‌కౌంటర్లన్నీ బూటకాలేనా?

కావు. నేను ఉన్న ఎదురుకాల్పుల్లో అవతలి నుంచి తూటాలు వచ్చాయి, మావాళ్లు పోయారు. అన్నీ నిజమైనవీ కావు. 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లా సార్కేగూడలో 17 మంది చనిపోయారు, మావోయిస్టులని ప్రకటించారు. విచారణ కమిషన్ ఏడేళ్ల తర్వాత వాళ్లు మావోయిస్టులని ఆధారం లేదని తేల్చింది. నాగాలాండ్‌లో 2021 డిసెంబరు 4న ఓటింగ్ దగ్గర బొగ్గు గనిలో పని ముగించుకుని ఇంటికి పోతున్న ఆరుగురు కూలీలను ఉగ్రవాదులనుకుని సైనికులు కాల్చేశారు. ఆ గొడవలో మొత్తం 14 మంది పౌరులు చనిపోయారు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, సినిమాలో చూపించినట్టు రాక్షసత్వం ఒక్కటే కారణం కాదు. చీకటి, భయం, మూడు రోజులు నిద్ర లేకపోవడం, తప్పుడు సమాచారం. వీటికి తోడు పైనుంచి ఒక ప్రశ్న: "ఈ నెల ఎన్ని?" పతకం, ప్రమోషన్ శవాల లెక్కతో ముడిపడితే ఆ లెక్క ఎలాగోలా నిండుతుంది. అందుకే 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎన్‌కౌంటర్ అయిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వొద్దన్న మాట ఉంది. ఎఫ్ఐఆర్ రాయాలి, వేరే స్టేషన్ పోలీసులో సీఐడీయో దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. మా కుర్రాళ్లు వీటిని తమకు వ్యతిరేకం అనుకుంటారు. నిజంగా కాల్పుల్లో ఉన్నవాడికి ఆ ఎఫ్ఐఆరే రక్షణ, పదేళ్ల తర్వాత ఎవరో వేలు చూపించినప్పుడు తెలుస్తుంది.

బస్తర్‌లో సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఉందా?

లేదు. ఈశాన్యంలో కొన్ని చోట్ల 1958 నాటి చట్టం, కశ్మీర్‌లో 1990 నాటి వేరే చట్టం ఉన్నాయి. బస్తర్‌లో ఎప్పుడూ పెట్టలేదు. అక్కడ మామూలు క్రిమినల్ చట్టమే.

డ్రోన్లు వచ్చాక జవాను పని తేలికైందా?

కొంత. ముందు కొండ అవతల ఏముందో పైనుంచి కనపడుతుంది. కానీ పైనుంచి చూస్తే తునికాకు ఏరడానికి వెళ్లే పదిమందీ, దళం పదిమందీ ఒకేలా ఉంటారు.

జవాన్లు ఆత్మహత్యలు ఎందుకు చేసుకుంటున్నారు?

పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం 2018 నుంచి 2022 దాకా కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 654 మంది. అధికారులు రాసే కారణం ఎప్పుడూ "కుటుంబ సమస్యలు". అది అబద్ధం కాదు, సగమే. కుటుంబ సమస్య అందరికీ ఉంటుంది. దాన్ని తీర్చుకోవడానికి ఇంటికి పోలేకపోవడం మా సమస్య.

ఒక క్యాంపులో మాకు ఫోన్ సిగ్నల్ ఒక్క చోటే వచ్చేది, ఇసుక బస్తాల మోర్చా పక్కన ఇప్పచెట్టు కింద. సాయంత్రం ఆరింటికి పదిహేనుమంది ఆ చెట్టు చుట్టూ ఫోన్లు పైకెత్తి నిలబడేవాళ్లం. ఒకడి భూమి తగాదా, ఒకడి భార్య కాన్పు, ఒకడి చెల్లి పెళ్లి ఆగిపోవడం, అందరివీ అందరికీ వినపడేవి. ఎవరూ విననట్టు నటించేవాళ్లం. లీవు అడిగితే "ఎన్నికలయ్యాక" అనేవారు. ఎన్నికలు అయ్యాక "ఆపరేషన్ అయ్యాక". 2019లో కేంద్ర హోంమంత్రి జవాన్లు ఏడాదికి వంద రోజులు ఇంట్లో ఉండేలా చూస్తామన్నారు. ఇప్పుడు డ్యూటీలో ఉన్న పిల్లలను అడిగితే నవ్వుతారు.

మానసిక వైద్యుడి దగ్గరికి పోతే ఆయుధం తీసేసుకుంటారు, తోటివాళ్ల ముందు పరువు పోతుంది. దాంతో ఎవరూ పోరు. మీ ఇంట్లో అలాంటివాడు లీవు మీద వచ్చి ముభావంగా ఉంటే "అక్కడ ఏం జరిగింది" అని అడగొద్దు. నిద్ర పడుతోందా, తింటున్నాడా చూడండి. చచ్చిపోవాలనే మాట వస్తే ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

రిటైరయ్యాక మామూలు మనిషి అవుతారా?

చాలావరకు. మొదటి ఏడాది బాలాపూర్‌లో రాత్రి వీధికుక్కలు మొరిగితే లేచి కూర్చునేవాణ్ని. మా ఆవిడ కారణం అడగలేదు, కూలర్ శబ్దం ఎక్కువగా వచ్చేలా పెట్టి పడుకోమంది. అది పనిచేసింది. దీపావళి నాకు ఇబ్బంది లేదు, వస్తుందని తెలుసు కదా. క్రికెట్ గెలిచిన రాత్రి ఎవడో సందులో ఒక్కసారిగా పేల్చే లక్ష్మీ బాంబు మాత్రం నాకు పడదు. ఇంకోటి, హోటల్లో గోడకు వీపు ఆనించి గుమ్మం కనపడే చోటే కూర్చుంటాను. మా పిల్లలు ఆ కుర్చీ నాకు ముందే వదిలేస్తారు.

మా అబ్బాయి చేరతానంటున్నాడు. పంపమంటారా?

ఎందుకు చేరుతున్నాడో అడగండి. ఉద్యోగం కోసం అయితే అది తప్పు కాదు, మాలో ఎక్కువమంది అలాగే చేరాం. అగ్నివీర్ అయితే నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరిని మాత్రమే ఉంచుకుంటారన్నది ముందే చెప్పండి. 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆ పిల్లలు రైళ్లు తగలబెట్టింది, ఒక కుర్రాడు కాల్పుల్లో చనిపోయింది ఆ లెక్క మీదే. కేంద్ర బలగాలైతే జీతం సమయానికి వస్తుంది, ఇల్లు సమయానికి దొరకదు. రీల్స్ చూసి కమాండో అవుతానంటే నాతో ఒక రోజు పొద్దున నాలుగింటికి పంపించండి. ఇరవై కిలోల బస్తా నేనే ఇస్తాను.

మావోయిస్టుల కథ ఇక ముగిసినట్టేనా?

తుపాకీ కథ చివరికి వచ్చింది. 2025 మేలో వాళ్ల ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మాడ్ అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. శ్రీకాకుళం మనిషి, వరంగల్ ఆర్‌ఈసీలో చదివినవాడు. నవంబరులో మారేడుమిల్లి దగ్గర వాళ్ల పెద్ద కమాండర్ హిడ్మా. కేంద్రం 2026 మార్చి 31 అని గడువు పెట్టి మరీ నడిపింది. 1967లో శ్రీకాకుళంలో మొదలైనప్పుడు నేను పుట్టలేదు. రెండు వైపులా చచ్చింది ఎక్కువగా పేదింటి పిల్లలే, ఒకడికి దళం అన్నం పెట్టింది, ఇంకొకడికి ప్రభుత్వం. పోడు భూమి పట్టా, గనికి పోయే రోడ్డు, ఆసుపత్రికి పోయే రోడ్డు, ఇందులో ఏది ముందు వేస్తారో చూడాలి. కొంటా సంతకు మళ్లీ ఒకసారి పోవాలని ఉంది, యూనిఫాం లేకుండా.

మీరు ఎవరినైనా చంపారా?

అందరూ అన్నీ అడిగాక, గొంతు తగ్గించి అడిగేది ఇదే. పెళ్లి భోజనాల దగ్గర కూడా అడిగారు. జవాబు చెప్పను. పోయిన బోనాలకు మా మేనల్లుడి కొడుకు అడిగాడు, ఏడేళ్లవాడు. వాడికి గంప కింది పుంజు కథ చెప్పాను. అంతా విని, "తాతా, ఆ పుంజును వాళ్లు తిన్నరా, పెంచుకున్నరా?" అన్నాడు. ఆ సంగతి నేను కనుక్కోలేదు.